ర్యాంకు గుమ్మం దాకానే

రెండో కొలువు: జిల్లా సైనిక సంక్షేమాధికారి

ఫౌజు నుంచి రిటైరైన అధికారుల్లో చాలామందికి జిల్లా సైనిక సంక్షేమాధికారి ఉద్యోగం మీద ఒక కన్నుంటుంది. సొంత రాష్ట్రంలో ఉండొచ్చు, ప్రభుత్వ కొలువు, పైగా మన సిపాయిలకే చేసే పని. ఇంతకంటే తగిన రెండో ఉద్యోగం ఏముంటుందనిపిస్తుంది. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ దరఖాస్తు నింపే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తన సంతకంతో నేరుగా ఇవ్వగలిగేది చాలా తక్కువ.

హైదరాబాద్ శివారు జల్‌పల్లిలో ఉండే ఒక జవాను భార్యను ఊహించుకుందాం. భర్త సైన్యంలో నాయక్‌గా రిటైరయ్యాడు, పోయిన నెల కన్నుమూశాడు. ఆమెకు రావలసిన ఫ్యామిలీ పెన్షన్‌ను తేల్చేది ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ కార్యాలయం. అది జమయ్యేది స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ ద్వారా. భర్త సర్వీసు వివరాలన్నీ ఆయన పనిచేసిన రెజిమెంటు లేదా కోర్ రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఆమె వైద్యం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం చూసుకుంటుంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణకు బాలాపూర్ తహసీల్దారు దగ్గరికి పోవాలి. భూమి చిక్కు ఏదైనా ఉంటే కొంగరకలాన్‌లోని రంగారెడ్డి కలెక్టరేట్‌కు పోవాలి. కూతురి పెళ్లి సాయం కావాలంటే ఢిల్లీలోని కేంద్రీయ సైనిక బోర్డు మంజూరు చేయాలి. రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ డైరెక్టరేటేమో సోమాజిగూడలో ఉంది.

ఇన్ని తలుపుల్లో ఒక్కదాని తాళం చెవి కూడా సంక్షేమాధికారి దగ్గర లేదు. అయినా ఆమె ముందుగా వచ్చేది ఆయన దగ్గరికే. ఇరవై ఏళ్లు ఆజ్ఞ ఇచ్చి పని చేయించడానికి అలవాటు పడ్డ మనిషి, ఆజ్ఞ చెల్లని చోట పని చేయించగలగాలి. ఈ ఉద్యోగానికి అసలు అర్హత అదే. ర్యాంకు మిమ్మల్ని గుమ్మం దాకా తెస్తుంది. లోపల పనికొచ్చే నేర్పులు వేరు, వాటిని ముందునుంచే అలవరచుకోవచ్చు. ఈ అధ్యాయం వాటి గురించే.

కుర్చీ ఎక్కడిది, ఎవరికి జవాబుదారీ

ఈ వ్యవస్థకు వందేళ్లు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, తిరిగొచ్చిన సిపాయిల, తిరిగిరాని సిపాయిల కుటుంబాల బాగోగుల కోసం 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. నేటి కేంద్రీయ సైనిక బోర్డు దాని వారసురాలే. రక్షణ మంత్రి దానికి అధ్యక్షులు. దాని కింద రాష్ట్రాల్లో రాజ్య సైనిక బోర్డులు, జిల్లాల్లో జిల్లా సైనిక బోర్డులు ఉంటాయి. జిల్లా బోర్డుకు కలెక్టర్ అధ్యక్షులు, సంక్షేమాధికారి కార్యదర్శి. రక్షణ శాఖలో మాజీ సైనికుల సంక్షేమానికంటూ ప్రత్యేక విభాగం మాత్రం 2004లోనే వచ్చింది.

ఈ కార్యాలయాల ఖర్చులో చాలా రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. దీని అర్థం మీరు ముందే గ్రహించాలి. మీరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, నడిపే పథకాల్లో చాలా ఢిల్లీవి, మీ బోర్డు అధ్యక్షులేమో జిల్లా కలెక్టర్. ముగ్గురి భాషా మీకు రావాలి.

తెలంగాణలో ఈ అధికారిని రీజినల్ సైనిక్ వెల్ఫేర్ ఆఫీసర్ అంటారు. 2016లో మొదలైన పునర్విభజనతో జిల్లాలు 33కు పెరిగాయి కానీ సైనిక సంక్షేమ కార్యాలయాలు ఆ లెక్కన పెరగలేదు. ఒక్కో అధికారి ఒకటికి మించిన జిల్లాలను చూడాల్సి వస్తుంది. చేతి కింద ఉండే సిబ్బంది కొద్దిమందే. బెటాలియన్‌ను నడిపిన మనిషికి ఇది మొదటి వారంలోనే తెలిసొచ్చే తేడా.

కాగితం మీది అర్హతలు

ముందు నిబంధనలు చూద్దాం. దాదాపు అన్ని చోట్లా ఈ పోస్టు మాజీ సైనికాధికారులకే. కనీస ర్యాంకు, వయసు, డిగ్రీ, స్థానికత, స్థానిక భాష పరిజ్ఞానం, నియామక పద్ధతి ఇవన్నీ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కొన్ని రాష్ట్రాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా తీసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2025లో జిల్లా సైనిక సంక్షేమాధికారి పోస్టులకు అలాగే నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి పక్క రాష్ట్రంలో మిత్రుడికి వచ్చింది కదా అని మీ అర్హత లెక్క వేసుకోవద్దు. నోటిఫికేషన్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి.

ర్యాంకు సమానత్వం దగ్గర జాగ్రత్త. సైన్యంలో మేజర్ అంటే నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండర్, వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్. సైన్యంలో కెప్టెన్ వేరు, నౌకాదళంలో కెప్టెన్ వేరు. నౌకాదళపు కెప్టెన్ సైన్యంలో కర్నల్‌తో సమానం. ఈ తేడా మీ దరఖాస్తుకే కాదు, రేపు మీ బల్ల ముందు నిలబడే నౌకాదళ కుటుంబానికీ కావాలి.

అయితే ర్యాంకు, డిగ్రీ, వయసు ఈ మూడూ సరిపోయినంత మాత్రాన పెన్షన్ ఫైలు చదవడం వచ్చినట్టు కాదు. ఈ విషయంలో అమెరికా పద్ధతి చూడదగ్గది. అక్కడ కౌంటీ స్థాయిలో వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఉంటారు. పని స్వభావం మన సంక్షేమాధికారికి దగ్గరగా ఉంటుంది. మాజీ సైనికుడి తరఫున క్లెయిమ్ నడిపేందుకు ఆ కౌంటీ ఉద్యోగికి ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు కావాలంటే, ఏడాదికి కనీసం 1,000 గంటలు ఆ ప్రభుత్వానికి పనిచేస్తున్న జీతం ఉద్యోగి అయి ఉండాలి, ఆమోదించిన శిక్షణ పూర్తి చేయాలి, పరీక్ష నెగ్గాలి, ఆ తర్వాత క్రమమైన పర్యవేక్షణలో ఉండాలి లేదా ఏటా మళ్లీ శిక్షణ తీసుకోవాలి. యూనిఫాం వేసుకున్న అనుభవాన్ని అక్కడా గౌరవిస్తారు, కానీ దానితోనే సరిపెట్టుకోరు. మన దగ్గర ఎవరూ అలాంటి పరీక్ష పెట్టకపోయినా మీకు మీరే పెట్టుకోవచ్చు. కింది ఐదు నేర్పులు ఆ పరీక్షకు పాఠ్యాంశాలనుకోండి.

మొదటి నేర్పు: ఎవరిది ఏ తలుపో తేల్చడం

జల్‌పల్లి ఉన్న చోటు చూడండి. ఒకవైపు కంచన్‌బాగ్‌లో, ఆ చుట్టుపక్కల డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్. మరోవైపు 2008లో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయం. ఈ పట్టీలో యూనిఫాం వేసుకున్నవాళ్లు, ఒకప్పుడు వేసుకున్నవాళ్లు రకరకాలుగా ఉంటారు. సైన్యంలో రిటైరై గోదాముల దగ్గర గార్డుగా పనిచేసేవారు. రిటైరయ్యాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరి రక్షణ సంస్థలకు కాపలా కాసినవారు. విమానాశ్రయంలో సీఐఎస్‌ఎఫ్ ఉద్యోగం చేసి రిటైరైనవారు. వీధిలో జనానికి అందరూ మిలిటరీ వాళ్లే. మీ బల్ల దగ్గర మాత్రం తేడా ఉంది.

కేంద్ర నిర్వచనం ప్రకారం మాజీ సైనికుడంటే సైన్యం, నౌకాదళం, వాయుసేనల్లో పనిచేసి నిర్ణీత పద్ధతుల్లో బయటికి వచ్చినవారు. పెన్షన్‌తో రిటైరైనవారు, సర్వీసు వల్ల వచ్చిన అనారోగ్యంతో పంపివేతకు గురైనవారు, సిబ్బంది తగ్గింపులో ఇంటికి వచ్చినవారు ఇందులోకి వస్తారు. పెన్షన్ రాకముందే సొంత కోరికపై వచ్చేసినవారు సాధారణంగా రారు. సీఐఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లు హోం శాఖ పరిధిలోని వారు. వారిని 2012 నుంచి మాజీ కేంద్ర సాయుధ పోలీసు సిబ్బందిగా వేరుగా గుర్తిస్తున్నారు. వారి సంక్షేమం చూసేది వెల్ఫేర్ అండ్ రిహాబిలిటేషన్ బోర్డు.

ఇక అగ్నివీరులు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ మొదటి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. వారిలో నాలుగో వంతు మందికి మించకుండా రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. ఆ పథకం కింద వారికి పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. అయినా మీ గుమ్మం తొక్కుతారు. ఇంకెక్కడికి వెళ్తారు?

అప్పుడు మీ నోటి నుంచి రాకూడని మాట “మీరు మా కిందికి రారు”. రావలసిన మాట “మీ పని ఫలానా చోట అవుతుంది, కావలసిన కాగితాలు ఇవి”. ఈ రెండు వాక్యాల మధ్య తేడా మీ పరిజ్ఞానం మీద ఆధారపడి ఉంటుంది. తెలియని అధికారి మొదటిది అంటాడు. అందుకే ఎవరు ఏ నిర్వచనంలోకి వస్తారు, రాకపోతే ఏ కార్యాలయానికి వెళ్లాలి అన్నది ఒకే పేజీలో పట్టికగా రాసుకుని గోడకు అంటించండి.

రెండో నేర్పు: కాగితం చదవడం

ఫౌజులో కాగితాల పని క్లర్కు చూసుకునేవాడు, మీరు సంతకం పెట్టేవారు. ఇక్కడ క్లర్కు కంటే ముందు మీరే చదవాలి. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), పార్ట్ టూ ఆర్డర్ ఈ మూడూ ఒక కుటుంబపు మొత్తం కథ చెబుతాయి. జవాను పెళ్లి, పిల్లల పుట్టుక సర్వీసులో ఉండగా రికార్డు అయ్యేది పార్ట్ టూ ఆర్డర్ ద్వారా. అక్కడ ఎక్కని భార్య పేరు తర్వాత పీపీఓలోనూ ఎక్కదు. అప్పుడు భర్త పోయిన రోజు నుంచి ఆమె తాను భార్యనని నిరూపించుకుంటూ తిరగాలి.

తరచూ ఎదురయ్యే చిక్కు పేర్లది. జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ ప్రాంతాల్లో ఒక ఉదాహరణ తీసుకుందాం. సర్వీసు రికార్డులో భార్య పేరు ఖైరున్నీసా బేగం. ఆధార్‌లో ఖైరున్ బీ. బ్యాంకు పుస్తకంలో ఇంకో రకం. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందుంటుంది, రికార్డులో అది చివరికి పోతుంది, లక్ష్మి ఒకచోట ఒక అక్షరంతో, ఇంకోచోట మరో అక్షరంతో ఉంటుంది. మనిషి ఒకరే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. అలాంటి ఒకామె మీ దగ్గరికి వస్తుంది.

“సాబ్, పైసలు ఆగిపోయినయ్. బ్యాంకోళ్లు మా దగ్గర కాదంటున్నరు.”

“కూర్చోండి అమ్మా. ముందు సాబ్ పాత పుస్తకం చూపించండి.”

ఇక్కడి నుంచి మీరు వెళ్లాల్సిన వరుస ఇది. మొదట మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో గుర్తించండి. రెండోది, ఏది సరిచేయడం తేలికో ఆలోచించండి. ఒక్కోసారి ఆధార్, బ్యాంకు పుస్తకాలను సర్వీసు రికార్డుకు అనుగుణంగా మార్చుకోవడం త్వరగా తెమిలే పని. ఒక్కోసారి రికార్డే తప్పు, అప్పుడు అఫిడవిట్‌తో రికార్డు ఆఫీసుకు రాయక తప్పదు. మూడోది, ఆ రికార్డు ఆఫీసు ఎక్కడుందో మీకు కంఠస్థం ఉండాలి. ఆర్టిలరీ వారిది నాసిక్ రోడ్, సిగ్నల్స్ వారిది జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్, ఏఓసీ, ఈఎంఈ వారివి మన సికింద్రాబాద్‌లోనే. నావికులదైతే ముంబై, వాయుసేనదైతే ఢిల్లీ సుబ్రతో పార్క్. సికింద్రాబాద్‌లో మనిషి వెళ్లి మాట్లాడితే అయ్యే పనికి ఉత్తరం రాసి నెలలు ఎదురుచూసే అధికారి కాకూడదు మీరు.

ఈ జాగ్రత్త సమస్య రాకముందే తీసుకుంటే ఇంకా మేలు. రిజిస్ట్రేషన్ కోసమో గుర్తింపు కార్డు కోసమో వచ్చిన ప్రతి మాజీ సైనికుడినీ ఒక ప్రశ్న అడగండి: “మీ పీపీఓలో మీ ఇంటావిడ పేరు ఎలా ఉంది?” ఆయన బతికుండగా సరిదిద్దుకుంటే అది ఒక దరఖాస్తు. ఆయన పోయాక అదే పని ఒక పోరాటం.

పథకాల వివరాలూ ఇదే పట్టుతో తెలిసి ఉండాలి. రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి ఇచ్చే సాయాలు 2025 నవంబర్ 1 నుంచి రెట్టింపయ్యాయి. పెన్షన్ లేని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, వారి వితంతువులకు ఇచ్చే నెలసరి సాయం 4,000 నుంచి 8,000 రూపాయలైంది. ఇద్దరు పిల్లల వరకు చదువు సాయం నెలకు వెయ్యి నుంచి 2,000 అయింది. కూతురి పెళ్లికి, వితంతు పునర్వివాహానికి ఇచ్చేది 50,000 నుంచి లక్ష రూపాయలైంది. ఇవి హవల్దార్, ఆలోపు హోదాల వారి కుటుంబాల కోసం ఉద్దేశించినవి. వృత్తివిద్యా కోర్సుల్లో చేరిన పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరుగా ఉంది: అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500.

ఈ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వస్తాయి. అసలు కాగితాలతో సరిచూసి పైకి పంపాల్సింది మీ కార్యాలయమే. పెళ్లి సాయానికి పెళ్లైన 180 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి. గడువు దాటాక వచ్చిన తండ్రికి చెప్పే సానుభూతి మాటలు ఎవరికీ అక్కరకు రావు. ముందే చెప్పి ఉండాలి.

మూడో నేర్పు: ఆజ్ఞ లేకుండా పని చేయించడం

తహసీల్దారు మీ సబార్డినేట్ కాదు. బ్యాంకు మేనేజరు కాదు. రికార్డు ఆఫీసులో ఫైలు చూసే హవల్దార్ క్లర్కు కూడా కాదు. వాళ్లకు వాళ్ల పై అధికారులున్నారు, వాళ్ల ఒత్తిళ్లున్నాయి. “నేను కర్నల్‌ని మాట్లాడుతున్నా” అని ఫోన్‌లో మొదలుపెడితే మర్యాదగా “సార్” అంటారు, ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

పని కదిలించే ఉత్తరానికి ఒక పద్ధతి ఉంది. “తగు చర్య నిమిత్తం పంపడమైనది” అని రాస్తే ఆ చర్యేమిటో అవతలివాడు వెతుక్కోవాలి, వెతుక్కోడు. అతను ఒక్కసారి చదివి సంతకం పెట్టగలిగేలా రాయాలి:

“సర్వీసు నంబరు ఫలానా, నాయక్ ఫలానా, ఫలానా తేదీన మరణించారు. భార్య పేరు సర్వీసు రికార్డులో ఇలా, ఆధార్‌లో ఇలా ఉంది. ఇద్దరూ ఒకరేనని తెలిపే ధ్రువీకరణ మీ కార్యాలయం నుంచి కావాలి. అఫిడవిట్, ఆధార్, డిశ్చార్జి బుక్ నకళ్లు జతచేశాం. ఫ్యామిలీ పెన్షన్ ఈ ఒక్క కాగితం దగ్గర ఆగి ఉంది. వచ్చే బుధవారం మా వెల్ఫేర్ ఆర్గనైజర్ మీ కార్యాలయానికి వస్తారు.”

ఏం జరిగింది, ఏం కావాలి, ఆధారం ఏది, ఎప్పుడు, ఎవరు వస్తారు అన్నవి ఐదూ ఇందులో ఉన్నాయి. చివరి రెండూ లేని ఉత్తరం దస్త్రాల్లో నిద్రపోతుంది.

మీ చేతిలో ఉన్న గట్టి సాధనం జిల్లా సైనిక బోర్డు సమావేశం. అధ్యక్షత కలెక్టర్‌ది, ఎజెండా రాసేది మీరు. దాన్ని పూలదండల సమావేశంగా మార్చొద్దు. పెండింగు కేసులు ఏ శాఖ దగ్గర, ఎన్ని నెలలుగా ఉన్నాయో ఒక పేజీ పట్టిక పెట్టండి. ఎవరినీ నిందించకండి, తేదీలు చాలు. కలెక్టర్ చదువుతారు, ఆ శాఖాధికారి వింటారు. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం కూడా అలాంటి అవకాశమే. 1949 నుంచి జరుగుతున్న ఆ దినం పేరిట పోగయ్యే విరాళాలే పైన చెప్పిన రక్షణ మంత్రి నిధి సాయాలకు మూలం. ఆ రోజు జెండా స్టిక్కరు పెట్టించుకున్న ప్రతి అధికారికీ, పోయిన ఏడాది మీ జిల్లాలో ఎన్ని కుటుంబాలకు ఎంత సాయం అందిందో ఒక చిన్న కాగితం ఇవ్వండి. తర్వాత మీ ఉత్తరం అందినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు గుర్తుంటుంది.

నాలుగో నేర్పు: రానివారిని వెతకడం

పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను పంపిన ఊరు. అక్కడ ఒక కుటుంబానికి కష్టం వస్తే పక్కింటి సుబేదార్ గారికి ఏం చేయాలో తెలుస్తుంది. జల్‌పల్లి అలాంటిది కాదు. ఊరుగా ఉన్నది మున్సిపాలిటీగా మారింది, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారితో కాలనీలు పెరిగాయి. మాజీ సైనికుడు ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటాడు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు. పక్కింటివాళ్లకు ఆయన వాచ్‌మన్‌గానే తెలుసు. ఆయన పోతే భార్యకు దారి చూపే సుబేదార్ గారు వీధిలో ఉండరు.

ఆమె కార్యాలయానికి రాకపోవడానికి కారణాలు వెతకండి. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే. కానీ చాంద్రాయణగుట్ట మీదుగా బస్సు మారి నగరం దాటి వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. వెళ్తే ఇంగ్లిష్‌లో ఫారం ఇస్తారన్న భయం. కర్నల్ ముందు కూర్చోవచ్చో లేదో తెలియని మొహమాటం. మీరు ఈ ప్రాంతానికి అధికారి కాదలచుకుంటే తెలుగుతో పాటు ఇక్కడి ఉర్దూ కూడా అర్థమవ్వాలి. నోటిఫికేషన్ ఆ మాట అడగకపోయినా ఇది అర్హతే.

చేయదగ్గ పనులు పెద్దవేం కావు. నెలకొకసారి బాలాపూర్ మండల కార్యాలయంలోనో, దగ్గరి కమ్యూనిటీ హాల్లోనో సగం రోజు కూర్చోండి. ఆ తేదీ మారనివ్వకండి. రెండో శనివారం అంటే రెండో శనివారమే. స్థానిక మీసేవ, సీఎస్‌సీ కేంద్రాల వారికి మీ నంబరు ఇవ్వండి. పెన్షనరు ఏటా జీవన ప్రమాణ్ పత్రం కోసం వచ్చేది వాళ్ల దగ్గరికే. ఈ ఏడాది రాని పెన్షనరు ఎవరో వాళ్లకు తెలిసే అవకాశం ఎక్కువ. వచ్చిన ప్రతి మనిషీ చేతిలో ఒక చీటీతో తిరిగి వెళ్లాలి: తర్వాత ఏ కాగితం, ఎక్కడి నుంచి, ఎప్పటిలోగా. ఆమె చదవగలిగే భాషలో.

2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ఇచ్చింది, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వవలసిందే, ఇచ్చింది. అలాంటి సందర్భంలో ప్రభుత్వమే ఇంటికి నడిచి వస్తుంది. రిటైరై, అనామకంగా జబ్బుపడి పోయిన నాయక్ ఇంటికి మాత్రం నడిచి వెళ్లాల్సింది మీరే.

ఐదో నేర్పు: కాదనగలగడం

విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల భూమి ధరలు ఎలా పెరిగాయో చెప్పనక్కర్లేదు. మాజీ సైనికులకు ప్రభుత్వం అసైన్ చేసిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే వెసులుబాటును 1993లో జీవో 1117 ఇచ్చింది. దాంతో మాజీ సైనికుడన్న ధ్రువీకరణకే ఒక విలువ వచ్చింది. విలువ ఉన్న చోటికి దళారి వస్తాడు. ఒక పాత డిశ్చార్జి బుక్ నకలు, ఎప్పుడో చనిపోయిన మనిషి పేరు, పత్రాలన్నీ సిద్ధంగా ఉన్నాయనే నవ్వుముఖం. కొన్నిసార్లు ఆ దళారి మీ పాత యూనిట్ మనిషే అయి ఉంటాడు.

ఇక్కడ పనికొచ్చే నియమాలు మూడు. డిశ్చార్జి బుక్ అసలు ప్రతి చూడకుండా, రికార్డు ఆఫీసు నుంచి సరిచూసుకోకుండా భూమికి సంబంధించిన ఏ కాగితం మీదా సంతకం వద్దు. దరఖాస్తుదారు లేదా వారసుడు స్వయంగా రావాలి, మరొకరి చేత పంపితే కుదరదు. మీ పాత పరిచయస్తుడి ఫైలును మిగతావారి వరుసలోనే పెట్టండి, ముందుకు జరపొద్దు.

న్యాయంగా భూమి ఉండి ఆక్రమణకు గురైనవారూ ఉంటారు. వాళ్లకు కాదనడం కాదు, దారి చూపడం కావాలి. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది, అందులో అప్పీలు ఏ స్థాయిలో ఎవరికి చేసుకోవాలో చదివి పెట్టుకోండి. అదే ఏడాది జూలై 26న జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ వీర్ పరివార్ సహాయత యోజన మొదలుపెట్టింది. సైనిక బోర్డుల దగ్గరే ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు నడపడం దాని ఉద్దేశం. వకీలుకు డబ్బు లేని కుటుంబానికి ఇది పెద్ద ఆసరా.

మీకు మీరు పెట్టుకునే పరీక్ష

దరఖాస్తు పెట్టే ముందు ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాయండి. పుస్తకం చూడకుండా, ఎవరికీ ఫోన్ చేయకుండా.

1. మీ సొంత పీపీఓలో మీ భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయా? చివరిసారి ఎప్పుడు చూశారు?

2. సీఐఎస్‌ఎఫ్‌లో రిటైరైన మనిషి, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో రెండో సర్వీసు చేసిన మనిషి, నాలుగేళ్లు నిండిన అగ్నివీరుడు ముగ్గురూ ఒకే రోజు వస్తే ఒక్కొక్కరికి ఏం చెబుతారు?

3. భర్త పోయిన మర్నాడు వచ్చిన వితంతువు మొదటి నెలలో చేయాల్సిన పనుల జాబితా ఆమెకు అర్థమయ్యే భాషలో అరపేజీలో రాయగలరా?

4. మీకంటే చిన్న హోదా ఉన్న ప్రభుత్వ ఉద్యోగి దగ్గర, మీది కాని పని కోసం, కోపం తెచ్చుకోకుండా మూడోసారి వెళ్లగలరా?

5. పాత సహచరుడు తప్పుడు ధ్రువీకరణ అడిగితే కాదని చెప్పే వాక్యం మీ దగ్గర సిద్ధంగా ఉందా? ఇప్పుడే పైకి అని చూడండి.

6. మీరుండే మండలంలో మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కడెక్కడున్నాయో కనీసం ఐదు వీధులు చెప్పగలరా?

మొదటి మూడూ చదివితే వస్తాయి, నెల రోజులు శ్రద్ధ పెడితే చాలు. నాలుగు, ఐదు స్వభావానికి సంబంధించినవి, వాటికి సాధన కావాలి. ఆరోదానికి కాళ్లకు పని చెప్పాలి.

ఈ సాధనకు నియామకపు ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. మీ వీధిలోనో, పక్క కాలనీలోనో ఒక మాజీ సైనికుడి కుటుంబాన్ని ఎంచుకోండి. ఆగిపోయిన పెన్షనో, తప్పుగా పడ్డ పేరో, అందని స్కాలర్‌షిప్పో ఒకటి ఉండే ఉంటుంది. మీ ర్యాంకు ఎక్కడా వాడకుండా, ఒక సామాన్య పౌరుడిగా ఆ ఒక్క ఫైలును మొదటి కాగితం నుంచి డబ్బు జమయ్యేదాకా నడిపి చూడండి. ఏ తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డారో, ఏ ఉత్తరానికి జవాబొచ్చిందో, దేనికి రాలేదో రాసుకోండి. ఫైలు పూర్తయ్యాక కూడా ఈ పని మీద ఇష్టం మిగిలి ఉంటే దరఖాస్తు పెట్టండి. మిగలకపోతే పెట్టకండి. ఆ కుటుంబానికి ఎలాగూ మేలే జరిగి ఉంటుంది.